ట్రాన్స్‌పాండర్: బిగించడం ఒక ఎత్తు, పాస్ చేయించడం మరో ఎత్తు

అమెరికాలో ఏ చిన్న విమానాశ్రయానికి వెళ్లినా హ్యాంగర్లలో నలభై, యాభై ఏళ్ల సెస్నా, పైపర్ చిన్న విమానాలు కనిపిస్తాయి. వాటిలో చాలావాటి ప్యానెల్‌లో ఏళ్ల తరబడి పాతుకుపోయిన పెట్టె కింగ్ కేటీ 76ఏ. చిన్న మీటలు తిప్పి నాలుగంకెల కోడ్ పెట్టే ట్రాన్స్‌పాండర్ అది, అంటే నేల మీది రాడార్ ప్రశ్నకు విమానం తరఫున జవాబిచ్చే రేడియో. దాని ప్రసారం ట్యూబుతో నడుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ట్యూబు శక్తి తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ పక్కకు జరుగుతుంది. రెండేళ్లకోసారి చేసే పరీక్షలో ఏదో ఒకనాడు అది తప్పక ఫెయిలవుతుంది. పాతదాన్ని బాగుచేయించడం కన్నా కొత్తది పెట్టించడమే మేలని అప్పుడు ఓనరు నిర్ణయానికి వస్తాడు.

ఇక్కడే లెక్క తప్పుతుంది. ఓనరు చూపంతా కొత్త పెట్టె ధర మీద, తెర మీద ఉంటుంది. పరీక్ష చేసేవాళ్లు చూసేది మాత్రం పెట్టె ఒక్కదాన్నే కాదు. విమానం పక్కన బయటి గాలి ఒత్తిడిని అందుకునే స్టాటిక్ రంధ్రం దగ్గర మొదలై గొట్టం, ఆ ఒత్తిడిని ఎత్తుగా మార్చే ఎన్‌కోడర్, తీగలు, పెట్టె, రేడియో సంకేతం మోసే కోయాక్స్ కేబుల్ మీదుగా పొట్ట కింద యాంటెన్నా దాకా సాగే గొలుసు మొత్తాన్ని చూస్తారు. కొత్త పెట్టె పాడైనందువల్ల పరీక్ష ఫెయిలవడం అరుదు. ఫెయిలైతే కారణం దాదాపు ఎప్పుడూ దానికి ముందో వెనకో ఉంటుంది.

అసలు అది చేసే పని

నేల మీది రాడార్ 1030 మెగాహెర్ట్జ్ మీద ప్రశ్న పంపుతుంది, విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మీద జవాబిస్తుంది. ప్రశ్నలోని రెండు పల్సుల మధ్య 8 మైక్రోసెకన్ల దూరముంటే ‘నీ కోడ్ ఎంత?’ అని, అది మోడ్ ఏ. 21 మైక్రోసెకన్లుంటే ‘నీ ఎత్తెంత?’ అని, అది మోడ్ సీ. కోడ్‌లో ఒక్కో అంకె 0 నుంచి 7 వరకే ఉంటుంది కాబట్టి మొత్తం కోడ్‌లు 4096. మోడ్ ఎస్ వచ్చాక ప్రతి విమానానికీ 24 బిట్ల సొంత చిరునామా దక్కింది. రాడార్ ఆ చిరునామాతో పిలిస్తే ఆ ఒక్క విమానమే పలుకుతుంది.

ఎత్తు చెప్పని ట్రాన్స్‌పాండర్ ఎంత ప్రమాదమో 1986 ఆగస్టు 31న కాలిఫోర్నియాలోని సెర్రిటోస్ మీద తేలింది. లాస్ ఏంజెలెస్‌లో దిగబోతున్న ఏరోమెక్సికో డీసీ-9ను ఒక పైపర్ ఆర్చర్ ఢీకొంది. రెండు విమానాల్లోనివాళ్లూ, నేల మీద మరో 15 మందీ కలిపి 82 మంది చనిపోయారు. ఆ పైపర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది, ఎత్తు పంపే మోడ్ సీ లేదు. పెద్ద విమానాశ్రయాల చుట్టూ మోడ్ సీ తప్పనిసరి కావడానికి, ప్రయాణికుల విమానాల్లో, ఢీకొనే ప్రమాదాన్ని ముందే హెచ్చరించే టీకాస్ రావడానికి ఆ ప్రమాదమే ప్రధాన కారణం. మన దగ్గర 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయినప్పుడు ఢిల్లీ కంట్రోలర్ ముందున్నది ప్రైమరీ రాడారే. చుక్కలు కనిపించేవి, వాటి ఎత్తు కనిపించేది కాదు.

అమెరికా విమానయాన నిబంధనల్లో 91.215 సెక్షన్ ప్రకారం ఏ, బీ, సీ అని పేరున్న నియంత్రిత గగనతలంలోనూ, పెద్ద విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ల వలయంలోనూ, 10,000 అడుగుల పైనా ఎత్తు పంపే ట్రాన్స్‌పాండర్ ఉండాలి. 2020 జనవరి 1 నుంచి ఇంచుమించు ఇవే చోట్ల ఏడీఎస్-బీ అవుట్ కూడా తప్పనిసరి. అంటే ఎవరూ అడగకపోయినా విమానం తన జీపీఎస్ స్థానాన్ని తానే ప్రసారం చేస్తూ ఉండాలి. అందుకే నేడు కొత్త ట్రాన్స్‌పాండర్ అంటే ఎక్కువగా 1090 మీదనే ఏడీఎస్-బీ కూడా పంపే మోడ్ ఎస్ పెట్టె.

పెట్టె ఎంపిక

ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, ప్యానెల్‌లో పెట్టె కూర్చునే పాత ట్రేలోనే ఇమిడేది. ట్రిగ్ టీటీ31ని కేటీ 76ఏ తీసిన చోట సరిగ్గా దూరేలా తయారుచేశారు. పాత పెట్టె లాగేసి కొత్తది తోస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. రెండోది, గార్మిన్ జీటీఎక్స్ 335 లాంటిది. కొత్త ట్రే, కొత్త వైరింగ్, కావాలంటే లోపలే జీపీఎస్.

మొదటి దారి చవక. అయితే దానిలో ఒక మెలిక ఉంది. పెట్టె ఒక్కటే కొత్తది, ట్రే వెనక ఉన్నదంతా పాతదే. ముప్పై ఏళ్ల కోయాక్స్, ముప్పై ఏళ్ల ఎన్‌కోడర్, నూనె పట్టిన యాంటెన్నా అలాగే మిగులుతాయి. పైగా టీటీ31 నుంచి ఏడీఎస్-బీ కావాలంటే, దానితో కలిపి వాడేందుకు ఆమోదం పొందిన జీపీఎస్ నుంచి ఒక తీగ లాగాల్సిందే. అరగంట పని కాస్తా రెండు రోజుల పనవుతుంది. వాడిన పెట్టె కొనేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ‘పనిచేస్తుండగా తీశాం’ అన్న మాటకు విలువ లేదు. 8130-3 ట్యాగ్ లాంటి ఆమోద పత్రం లేని పెట్టెను ఏ మెకానిక్కూ సర్టిఫైడ్ విమానంలో పెట్టి సంతకం చేయడు.

యాంటెన్నా, కేబుల్

1090 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం పొడవు దాదాపు 6.9 సెంటీమీటర్లు. పొట్ట కింద కనిపించే, చివర చిన్న గుండు ఉన్న పుల్ల సైజు అందుకే అంత. ఆ పుల్లకు అడుగున లోహపు నేల కావాలి. అల్యూమినియం విమానంలో ఒళ్లే ఆ పని చేస్తుంది. ఫైబర్ విమానంలోనూ, గుడ్డ కప్పిన విమానంలోనూ లోపల విడిగా రేకు పరచాలి. ఆ రేకు యాంటెన్నా చుట్టూ అన్ని వైపులా కనీసం పావు తరంగం మేర ఉండాలి, ఎంత పెద్దదైతే అంత మంచిది.

పుల్లా, బ్లేడూ రెండూ పనిచేస్తాయి. పుల్ల చవక, కానీ పొట్ట తుడిచేటప్పుడు గుడ్డ తగులుకుని వంగేది, విరిగేది ఎక్కువగా అదే. చోటు విషయంలో ల్యాండింగ్ గేర్ కాళ్లకు, ఎగ్జాస్ట్‌కు దూరంగా ఉండాలి. పైలట్ మాట్లాడే కామ్ రేడియో యాంటెన్నాలకు కనీసం 3 అడుగులు, దూరం కొలిచే డీఎంఈ పరికరం యాంటెన్నాకు 6 అడుగులు ఎడముంచడం మంచిది. డీఎంఈ కూడా ఇదే బ్యాండులో అరుస్తుంది కాబట్టి పక్కపక్కన పెడితే ఒకదాని రిసీవర్‌ను మరొకటి చెవుడు చేస్తుంది.

యాంటెన్నా బిగించే చోట రంగు గీకి, మెరిసే లోహం కనిపించేలా చేసి, తుప్పు పట్టకుండా అలోడైన్ పూసి, అప్పుడు కూర్చోబెట్టాలి. యాంటెన్నా అడుగుకూ విమానం ఒంటికీ మధ్య నిరోధం 3 మిల్లీఓమ్ దాటకూడదు. నీరు దూరకుండా సీలెంట్ అవసరమే, కానీ అంచు చుట్టూ మాత్రమే. అడుగంతా సీలెంట్ పూసి బిగిస్తే అందంగా కనిపిస్తుంది, విద్యుత్ సంబంధం తెగిపోతుంది. రంగు మీదే బిగించిన యాంటెన్నాలు పెయింట్ షాపు నుంచి వచ్చిన విమానాల్లో తరచూ దొరుకుతాయి. కొత్తగా రంధ్రం చేస్తే లోపలి వైపు ఒంటి రేకుకు తక్కువ కాని మందంతో డబ్లర్ అనే బలపు రేకు పడాలి. లేకపోతే గాలికి ఊగే యాంటెన్నా చుట్టూ రేకు పగులుతుంది.

కోయాక్స్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే పవర్ పోయేది అక్కడే. పాత విమానాల్లో ఎక్కువగా ఉండేది ఆర్‌జీ-58. కొత్తగా వేస్తే ఆర్‌జీ-400 వేయాలి. దానికి రెండు పొరల వెండిపూత అల్లిక, వేడికి కరగని టెఫ్లాన్ ఉంటాయి. అంతటి మంచి కేబుల్‌లో కూడా ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర దాదాపు 9 అడుగులకే 1.5 డీబీ (డెసిబెల్) నష్టం. అంటే బయల్దేరిన శక్తిలో 29 శాతం దారిలోనే ఆవిరి. నష్టం 3 డీబీ అయితే సగం పోయినట్టు. 200 వాట్ల పెట్టె కూడా యాంటెన్నా దగ్గర 100 వాట్లే. వినికిడీ అదే లెక్కన తగ్గుతుంది, రాడార్ ప్రశ్నే సగం బలంతో చేరుతుంది. అందువల్ల కేబుల్ పొట్టిగా ఉండాలి. అలాగని ప్యానెల్ వెనక చుట్టి, మడిచి, కట్టేయకూడదు. కనెక్టర్‌ను సరైన డైతో నొక్కాలి. అల్లికలోని ఒక్క వెంట్రుక తీగ మధ్య పిన్నుకు తగిలితే పెట్టె వెలుగుతూనే ఉంటుంది, రాడార్‌కు మాత్రం విమానం కనిపించదు.

ఎన్‌కోడర్: ఎక్కుతుంటే దిగుతున్నట్టు

ట్రాన్స్‌పాండర్ తనంతట ఎత్తు కొలవదు. స్టాటిక్ గొట్టంలోని గాలి ఒత్తిడిని ఎన్‌కోడర్ కొలిచి దానికి చెబుతుంది. ఎన్‌కోడర్ ఎప్పుడూ 29.92 అంగుళాల ప్రామాణిక ఒత్తిడి మీదే లెక్క వేస్తుంది. ఎత్తు చూపే ఆల్టీమీటర్ మీటను పైలట్ ఎటు తిప్పినా రాడార్‌కు వెళ్లే అంకె మారదు, స్థానిక ఒత్తిడిని కంట్రోల్ కేంద్రంలోని కంప్యూటరే కలుపుకుంటుంది. ఏళ్ల తరబడి ఎగిరినవాళ్లలో కూడా ఈ విషయంలో అపోహ ఉంది.

పాత ఎన్‌కోడర్లు ఎత్తును గిల్హామ్ కోడ్‌లో, సమాంతరంగా వెళ్లే తొమ్మిది పది తీగల మీద పంపుతాయి. ప్రతి 100 అడుగులకూ ఒక్క తీగే మారేలా అమర్చిన కోడ్ అది. దీనిలో ఒక్క తీగ తెగితే ఏమవుతుందో చూడండి. ఏ2 అనే తీగ 6,750 అడుగుల దాకా పలకదు, ఆ పైనే మొదటిసారి పలుకుతుంది. అది తెగిపోయి ఉంటే 6,700 వరకు అంతా సవ్యం. విమానం 6,800కు ఎక్కితే రాడార్ తెర మీద 6,700. 7,500కు వెళితే 6,000. 8,500కు వెళితే 5,000. విమానం ఎక్కుతున్నకొద్దీ అద్దంలో బొమ్మలా అంకె దిగుతుంది. ఏ1 తీగ తెగితే 14,750 అడుగుల లోపు ఎగిరేవాడికి అసలు తెలియనే తెలియదు. నేల మీద రెండు మూడు ఎత్తులు చూసి సరే అనుకుంటే ఇలాంటి లోపం దొరకదు. అందుకే తెలిసిన టెక్నీషియన్ ఒత్తిడిని నెమ్మదిగా మారుస్తూ అడుగడుగునా అంకెను చూస్తాడు.

కొత్త పెట్టె పెట్టేటప్పుడు ఎన్‌కోడర్ కూడా మార్చి, ఒకటి రెండు తీగలతో నడిచే సీరియల్ పద్ధతికి మారడమే తెలివైన పని. గిల్హామ్ 100 అడుగుల మెట్లలోనే చెప్పగలదు, సీరియల్ ఎన్‌కోడర్‌తో మోడ్ ఎస్ 25 అడుగుల మెట్లలో చెప్పగలదు. కొన్ని కొత్త ట్రాన్స్‌పాండర్లకు ట్రే వెనకే బిగించుకునే చిన్న ఎన్‌కోడర్ దొరుకుతుంది, గార్మిన్ జీఏఈ 12 అలాంటిదే.

ఎన్‌కోడర్ మార్చారంటే స్టాటిక్ గొట్టం తెరిచారన్నమాట. ఐఎఫ్ఆర్‌లో, అంటే పరికరాల ఆధారంగా, ఎగిరే విమానానికి గొట్టం తెరిచి మూసిన ప్రతిసారీ లీకు పరీక్ష తప్పనిసరి. కేబిన్‌లో ఒత్తిడి పెంచని చిన్న విమానాల్లో ఆల్టీమీటర్ ఉన్న చోటు కన్నా 1,000 అడుగులు పైకి చూపేలా గొట్టంలో గాలి తీసి ఆపుతారు. నిమిషంలో 100 అడుగులకు మించి పడకూడదు. వీఎఫ్ఆర్‌లోనే, అంటే కళ్లతో బయటికి చూస్తూనే, ఎగిరే విమానానికి ఈ నిబంధన వర్తించదు కదా అని వదిలేస్తారు కొందరు. వదలకపోవడమే మంచిది. గొట్టం లీకైతే అది కేబిన్ గాలి పీలుస్తుంది. ఎగిరేటప్పుడు కేబిన్ ఒత్తిడి బయటికన్నా కాస్త తక్కువగా ఉండటం మామూలు, దాంతో ఆల్టీమీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. ఎన్‌కోడరూ అదే గొట్టం మీద ఉంది కాబట్టి అదీ అంతే చెబుతుంది. రెండూ ఒకే తప్పు చెబుతుంటే, రెండింటినీ పోల్చి చూసే పరీక్షకు ఆ తప్పు చిక్కదు.

కరెంటు, జీపీఎస్

విద్యుత్ భాగం సులువే. కొత్త పెట్టెలు 14 వోల్టుల మీదా 28 వోల్టుల మీదా నడుస్తాయి. తీగకు, బ్రేకరుకు తయారీదారు మాన్యువల్ చెప్పిన సైజులే వాడాలి. మొత్తం లోడు ఆల్టర్నేటర్ సామర్థ్యంలో 80 శాతం దాటకుండా చూడాలి.

జీపీఎస్ యాంటెన్నా విమానం నెత్తిన పెడతారు, పక్కనే కామ్ యాంటెన్నా ఉంటుంది. కామ్ రేడియోలో 121.150, 121.175, 121.200, 131.250, 131.275, 131.300 మీద మాట్లాడి జీపీఎస్ తప్పిపోతుందేమో చూడటం ఆనవాయితీ. ఈ అంకెలే ఎందుకంటే, మొదటి మూడింటి 13వ హార్మోనిక్ (13 రెట్ల ఫ్రీక్వెన్సీ), మిగతా మూడింటి 12వ హార్మోనిక్ జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ పక్కకే వచ్చి పడతాయి. గాల్లో టవర్‌తో మాట్లాడిన ప్రతిసారీ ఏడీఎస్-బీ స్థానం పోతోందని ఫిర్యాదు వస్తే మొదట వెతకాల్సింది ఇక్కడే.

ఆరు అక్షరాల చిరునామా

బిగింపు అయ్యాక పెట్టెకు కొన్ని వివరాలు నేర్పాలి. వీటిలో తప్పు జరిగే అవకాశం ఎక్కువ, కనిపించే అవకాశం తక్కువ. అన్నింటికన్నా ముఖ్యమైనది 24 బిట్ల చిరునామా. అమెరికా రిజిస్ట్రేషన్ నంబర్లు ఏ00001 నుంచి ఏడీఎఫ్7సీ7 వరకు ఉన్న హెక్సా (16 ఆధారంగా రాసే) సంఖ్యలకు ఒక లెక్క ప్రకారం ముడిపడి ఉంటాయి. ఎన్1 అనే నంబరుకు ఏ00001. భారత్‌కు 800000 నుంచి 83ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వరకు కేటాయించారు, అందుకే వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ ఉన్న మన విమానాల చిరునామా 80తోనో 81, 82, 83తోనో మొదలవుతుంది. అమెరికా రిజిస్ట్రీలో ఇదే చిరునామా 8 ఆధారంగా రాసే అష్టాంశ రూపంలో, 5తో మొదలయ్యే 8 అంకెలుగా కూడా ఉంటుంది. హెక్సా అడిగిన చోట దాన్ని నింపబోవడం, సున్నాకు బదులు ఓ అక్షరం కొట్టడం మామూలుగా జరిగే పొరపాట్లు. కొన్ని పెట్టెలు తోక నంబరు ఇస్తే హెక్సాను తామే లెక్కగడతాయి, అలాంటప్పుడు కూడా రిజిస్ట్రీతో సరిచూడాలి.

చిరునామా తర్వాత ఫ్లైట్ ఐడీ, విమానం బరువు తరగతి, పొడవు వెడల్పుల కోడ్, గరిష్ఠ వేగం, జీపీఎస్ యాంటెన్నా ముక్కు నుంచి ఎంత దూరంలో ఉంది అన్న వివరాలు. విమానం నేల మీద ఉందా గాల్లో ఉందా అన్నది ఎలా తెలుసుకోవాలో కూడా చెప్పాలి. చక్రాలు ముడిచే విమానంలో, చక్రాల మీద బరువు పడిందో లేదో చెప్పే స్క్వాట్ స్విచ్ తీగ ఉంటుంది, స్థిర చక్రాల విమానంలో జీపీఎస్ వేగాన్ని బట్టి పెట్టెయే తేల్చుకుంటుంది. స్క్వాట్ స్విచ్ తీగ తిరగేసి కలిపితే గాల్లో ఎగిరే విమానం ‘నేల మీద ఉన్నాను’ అని ప్రసారం చేస్తుంది.

పరీక్ష రోజు

ఇక ట్రాన్స్‌పాండర్ పరీక్ష గురించి చెప్పే 91.413 సెక్షన్. ట్రాన్స్‌పాండర్ వాడాలంటే అంతకుముందు 24 క్యాలెండర్ నెలల్లోపు పరీక్ష పాసై ఉండాలి. 2024 జూన్ 3న పాసైతే 2026 జూన్ 30 దాకా చెల్లుతుంది. కొత్తగా బిగించినప్పుడు ఎత్తు సమాచారంలో తేడా వచ్చే అవకాశముంటే మొత్తం వ్యవస్థను కలిపి కూడా పరీక్షించాలి.

చాలామంది బోల్తాపడేది ఎవరు చేయాలన్న దగ్గర. విమానం ఒళ్లూ ఇంజిన్లూ బాగుచేసే లైసెన్సున్న ఏ అండ్ పీ మెకానిక్ ట్రాన్స్‌పాండర్ బిగించవచ్చు. 91.413 పరీక్ష చేసి సంతకం మాత్రం పెట్టలేడు. సరైన రేటింగు ఉన్న రిపేర్ స్టేషనో, నిరంతర నిర్వహణ కార్యక్రమం ఉన్న సంస్థో చేయాలి. ట్రాన్స్‌పాండర్‌ను విమాన తయారీదారే పెట్టి ఉంటే ఆ తయారీదారు కూడా చేయవచ్చు. సొంతంగా విమానం కట్టుకున్న హోమ్‌బిల్డర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. తన విమానంలో ఇంజిన్ తానే విప్పి బిగించుకోవచ్చు గానీ ఈ పరీక్ష చేసుకోలేడు. కాబట్టి బిగింపు ఒక చోట, పరీక్ష మరో చోట అయ్యేటట్టుంటే మధ్యలో ప్రయాణం గురించి ముందే ఆలోచించాలి. పరీక్ష కాని ట్రాన్స్‌పాండర్‌ను వాడకూడదు. అది లేకుండా 30 మైళ్ల వలయంలో ఎగరాలంటే కంట్రోల్ కేంద్రం అనుమతి తీసుకోవాలి. ట్రాన్స్‌పాండర్ లేని విమానానికైతే కనీసం గంట ముందు అడగాలి. అంత తిప్పలెందుకని టెక్నీషియన్‌నే టెస్ట్ సెట్‌తో హ్యాంగర్‌కు పిలిపించుకునేవాళ్లే ఎక్కువ.

టెక్నీషియన్ మొదట స్టాటిక్ రంధ్రాలకు పంపు కలుపుతాడు. ఆల్టీమీటర్‌ను 29.92కు పెడతాడు. ఎన్‌కోడర్ వేడెక్కేదాకా ఆగుతాడు. అది వేడెక్కకముందే మొదలుపెడితే వచ్చే అంకెలు చెత్త. తర్వాత ‘ఎత్తు’ పెంచుతూ ఆల్టీమీటర్ చూపేదానికీ ట్రాన్స్‌పాండర్ పంపేదానికీ తేడా ఎక్కడా 125 అడుగులు దాటలేదని చూస్తాడు. కొన్ని ఎన్‌కోడర్లకు రెండు చిన్న మరలుంటాయి, ఒకటి కింది ఎత్తులకు, ఒకటి పై ఎత్తులకు. కింద సరిపోయి పైన తేడా వస్తుంటే రెండోది తిప్పాలి. కొన్నిసార్లు తప్పు ఎన్‌కోడర్‌ది కాదు, ఆల్టీమీటర్‌ది. దాన్ని బట్టి ఎన్‌కోడర్‌ను సర్దడం రోగం వదిలేసి నాడి సర్దినట్టు.

ఈ పరీక్షలో మరో ప్రమాదం పొంచి ఉంది. హ్యాంగర్‌లో నిలబడ్డ విమానం ‘నేను 8,000 అడుగుల్లో ఉన్నాను’ అని 1090 మీద చెబుతుంటుంది. చుట్టుపక్కల నిజమైన రాడార్లు, పైన వెళ్లే విమానాల టీకాస్‌లు ప్రశ్నలు వేస్తూనే ఉంటాయి. ఆ జవాబు బయటికి పొక్కితే పైనెక్కడో ఒక ప్రయాణికుల విమానానికి లేని విమానం ఎదురొచ్చినట్టు కనిపించి, ‘ఎక్కు’ అనో ‘దిగు’ అనో టీకాస్ ఆదేశం రావచ్చు. అందుకే యాంటెన్నా మీద లోహపు తొడుగు లాంటి కప్లర్ బిగించి, సిగ్నల్ టెస్ట్ సెట్‌కు మాత్రమే వెళ్లేలా చేయాలి. తొడుగు లేకుండా ఆరుబయట పరీక్ష చేసేవాడి చేతికి విమానం ఇవ్వకపోవడమే మంచిది.

తర్వాత రేడియో కొలతలు. జవాబు ఫ్రీక్వెన్సీ, పెట్టె తరగతిని బట్టి, 1090కి 3 మెగాహెర్ట్జ్ లోపలో ఒక మెగాహెర్ట్జ్ లోపలో ఉండాలి. పవర్ పెద్ద తరగతికి కనీసం 125 వాట్లు, తక్కువ ఎత్తుల్లో ఎగిరే చిన్న విమానాల తరగతికి 70 వాట్లు. వినికిడి పాత పద్ధతి పెట్టెలకు మైనస్ 73 డీబీఎంకు (సిగ్నల్ బలానికి కొలమానం) అటూ ఇటూ 4 డీబీ, మోడ్ ఎస్‌కు మైనస్ 74కు అటూ ఇటూ 3. మోడ్ ఏ, మోడ్ సీల వినికిడిలో తేడా ఒక డీబీ మించకూడదు. చేతిలో పట్టుకునే టెస్ట్ సెట్‌తో చేస్తే కప్లర్ లోపానికి 3 డీబీ రాయితీ ఇస్తారు.

పక్క పుంజాల అణచివేత అనే పరీక్షలో, రాడార్ పోలిక కోసం పంపే పీ2 పల్సు ప్రశ్నలోని తొలి పల్సు పీ1తో సమానంగా ఉన్నప్పుడు ట్రాన్స్‌పాండర్ నూటికి ఒక్కసారి మించి పలకకూడదు, పీ2 9 డీబీ తక్కువగా ఉన్నప్పుడు కనీసం 90 సార్లు పలకాలి. రాడార్ యాంటెన్నా తనవైపు తిరిగినప్పుడే మాట్లాడే మర్యాద ఉందో లేదో దీనితో తేలుతుంది. ఆ మర్యాద లేని పెట్టె రాడార్ పక్కచూపులకు కూడా పలికి తెర మీద ఒకే విమానాన్ని వలయంలా పరుస్తుంది. మోడ్ ఎస్‌కైతే సరైన చిరునామాతోనూ, కనీసం రెండు తప్పు చిరునామాలతోనూ పిలిచి చూస్తారు. సరైనదానికే పలకాలి.

పవర్, వినికిడి రెండూ ఒకే మోతాదులో తక్కువగా వస్తే నేరం కేబుల్‌దో యాంటెన్నాదో. పవర్ ఒక్కటే తక్కువైతే పెట్టెను అనుమానించాలి. ఈ చిన్న తేడా గమనించనందుకే కొత్త పెట్టెలు ఊరికే ఫ్యాక్టరీకి వెళ్లి, ‘లోపమేమీ కనిపించలేదు’ అన్న చీటీతో తిరిగొస్తుంటాయి.

కాగితాలు, తర్వాత ఎగిరి చూడటం

పాత ట్రేలో ఇమిడే పెట్టె మార్పు చాలావరకు లాగ్‌బుక్‌లో రాతతో సరిపోతుంది. పెద్ద మార్పు అని తేలితే ఫామ్ 337 నింపి, ఐఏ అనే తనిఖీ అధికారమున్న మెకానిక్ సంతకంతో, ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) కార్యాలయానికి పంపాలి. ఎస్‌టీసీ అనే అనుబంధ ఆమోదం కింద పెట్టిన పెట్టెకు ఫ్లైట్ మాన్యువల్ అనుబంధం విమానంలోనే ఉండాలి. బరువు, గరిమనాభి లెక్క, పరికరాల జాబితా మారాలి. కొత్త పెట్టె పాతదానికన్నా తేలికే కావచ్చు, అయినా లెక్క రాయాల్సిందే.

నేల మీది పరీక్షతో ఏడీఎస్-బీ కథ ముగియదు. ఆ నిబంధన వర్తించే గగనతలంలో కాసేపు ఎగిరి, ఎఫ్ఏఏ వెబ్‌సైట్‌లో ఆ విమానం నివేదిక అడిగితే ఈమెయిల్‌కు వస్తుంది. తప్పులు ఉన్నచోట ఎరుపు. స్థాన సమాచారం ఎంత నమ్మదగిందో చెప్పే అంకెలు మూడు: నిక్ కనీసం 7, నాక్‌పీ కనీసం 8 ఉండాలి, సిల్ 3 ఉండాలి. సిల్ తక్కువగా వచ్చిందంటే ఆమోదం లేని జీపీఎస్‌నో, పెట్టెకు జీపీఎస్ రకం తప్పుగా చెప్పడమో అనుమానించాలి. మలుపుల్లోనే నిక్ పడిపోతుంటే జీపీఎస్ యాంటెన్నాకు ఏదో అడ్డుంది. ఫ్లైట్ ఐడీ రిజిస్ట్రేషన్‌తో సరిపోలలేదని వస్తే ఒక అక్షరం తప్పు కొట్టారు. కాగితం మీద అంతా పాసైన బిగింపుల్లోని లోపాలు బయటపడేది ఈ ఉచిత నివేదికలోనే, అడిగేవాళ్లు తక్కువ.

అమెరికా ఫ్లయింగ్ స్కూళ్లలో పైలట్ శిక్షణకు తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే విద్యార్థులకు ఇదంతా పరోక్షంగా తగిలేది లాగ్‌బుక్ దగ్గర. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ ట్రాన్స్‌పాండర్ తనిఖీ తేదీ చూపించమంటాడు. 91.411 కింద ఆల్టీమీటర్, స్టాటిక్ పరీక్ష ఒకటి, 91.413 కింద ట్రాన్స్‌పాండర్ పరీక్ష ఒకటి, రెండూ 24 నెలలకే. ఒకే రోజు చేయించినా లాగ్‌బుక్‌లో రెండు రాతలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. స్టిక్కర్ అతికించి ఒక్క రాతతో సరిపెట్టిన లాగ్‌బుక్‌లు ఉంటాయి.

విమానం చేతులు మారి కొత్త ఓనరు తనకిష్టమైన ఎన్ నంబరు తెచ్చుకుంటే చిరునామా కూడా మారుతుంది. తోక మీద రంగు వేసేవాడికి ఆ సంగతి తెలియదు. పెట్టెలో హెక్సా మార్చి, సరైన చిరునామాకే పలుకుతోందని మళ్లీ చూపించుకునేదాకా, రాడార్ తెర మీద ఆ విమానం పాత పేరుతోనే ఎగురుతూ ఉంటుంది.